బుడమేరు ఏ సబ్జెక్టు కిందికి వస్తుంది?

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి అధ్యక్షులు గారికి,



డిగ్రీ, ఇంజనీరింగ్ చదివే పిల్లలకు ఒక సెమిస్టరు పాటు బుడమేరు మీద పాఠం పెట్టమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఒక్క ఏటి మీద సెమిస్టరంతా ఏం చెప్తారండీ అని మీ పాఠ్యప్రణాళిక సంఘంలో ఎవరో ఒకరు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ తర్వాత వాళ్లను ఒక మాట అడగండి: బుడమేరు ఏ సబ్జెక్టు కిందికి వస్తుంది? సివిల్ ఇంజనీరింగా, జువాలజీనా, ఎకనామిక్సా, పబ్లిక్ అడ్మినిస్ట్రేషనా? ఎవరికి వారు అది పక్కవాళ్ల సబ్జెక్టు అంటారు. నా బాధ అక్కడే మొదలవుతుంది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో ఏం జరిగిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. డాబాల మీద జనం, వీధుల్లో పడవలు, పైనుంచి డ్రోన్లతో భోజనం పొట్లాలు. వారం తిరక్కుండానే కారణాలు కూడా తేలిపోయాయి. ఆక్రమణలని ఒకరు, గేట్లని ఒకరు, గత ప్రభుత్వమని ఒకరు, వాన మరీ ఎక్కువ కురిసిందని ఇంకొకరు. ప్రతి మాటలోనూ కొంత నిజం ఉంది. ఆ నిజాలను పక్కపక్కన పెట్టి, ఏది ఎప్పుడు దేనిమీద ఎంత ఒత్తిడి పెట్టిందో లెక్క చూసే చదువు మాత్రం మన దగ్గర లేదు.

ఏటి కథ తెలియని పాఠకుల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు వెళ్తాను. మైలవరం వైపు కొండల్లో పుట్టిన బుడమేరు నిజానికి కొల్లేటికి పోవాల్సిన ఏరు. దారిలో విజయవాడ ఉత్తరపు అంచును రాసుకుంటూ పోతుంది. ఊరిని కాపాడటానికి వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, వరదనీటిని పశ్చిమానికి తిప్పి, ఇబ్రహీంపట్నం వైపు ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపే డైవర్షన్ చానల్ తవ్వారు. మంచి ఆలోచనే. అయితే అందులో ఒక షరతు దాగి ఉంది. బుడమేరు పొంగినప్పుడు కృష్ణ పొంగి ఉండకూడదు. 2024లో రెండూ ఒకేసారి పొంగాయి. బ్యారేజీ దగ్గర 11.4 లక్షల క్యూసెక్కులు పోటెత్తాయి, బ్యారేజీ కట్టాక అంత వరద ఎన్నడూ రాలేదు. ఆ నది బుడమేటి నీటిని లోపలికి రానిస్తుందా? మోయాల్సిన దానికంటే ఎక్కువ నీరు, ముందు దారి లేదు, వెనక తోపుడు ఆగదు. కొండపల్లి, కవులూరు వైపు చానల్ గట్టు మూడు చోట్ల తెగింది. తెగిన నీరు తన పాత దారి వెతుక్కుంది. ఆ పాత దారిలో ఇప్పుడు సింగ్‌నగర్ ఉంది, రాజరాజేశ్వరిపేట ఉంది, పాయకాపురం ఉంది.

ఇంకో మెలిక కూడా చూడండి. పోలవరం కుడి కాలువ గుండా పట్టిసీమ నుంచి వచ్చే గోదావరి నీళ్లు కూడా చివరి అంచెలో ఈ చానల్ దారిలోనే కృష్ణకు చేరతాయి. అంటే గోదావరి ఒడ్డున ఎత్తిపోసిన నీరు, మైలవరం వానా, శ్రీశైలం, సాగర్, పులిచింతల దాటి వచ్చిన కృష్ణ వరదా, మూడూ తేల్చుకోవాల్సిన చోటు ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పక్కనున్న ఆ కొద్ది మైళ్ల కాలువ. నదుల అనుసంధానం అని మనం పండగ చేసుకున్నాం, తప్పులేదు. దాంతో పాటే ఒక నది కష్టం ఇంకో నదికి అంటుకునే దారి కూడా వేశామని ఎక్కడా పాఠంగా చెప్పుకోలేదు.

ఇది పై సగం. కింది సగం ఎవరూ పెద్దగా మాట్లాడలేదు, ఎందుకంటే కెమెరాలు సింగ్‌నగర్‌లో ఆగిపోయాయి. చానల్ తప్పించుకున్న నీరంతా ఎనికేపాడు దగ్గర కాలువ కింది సొరంగంలోంచి, అక్కడి వాళ్లు యూటీ అంటారు, దూరి తూర్పుకు పోవాలి. పోయి నందివాడ మండలం చేలూ చెరువులూ ముంచి కొల్లేట్లో పడాలి. కొల్లేరు ఖాళీగా ఉంటే త్వరగా తాగుతుంది, నిండి ఉంటే తాగదు. కొల్లేట్లోకి బుడమేరు ఒక్కటే రాదు. తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇంకా లెక్కలేనన్ని డ్రెయిన్లు వస్తాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. అరవై కిలోమీటర్ల పైచిలుకు వంకరటింకరగా పోయి సముద్రంలో కలుస్తుంది. దాని మీద రైలు వంతెన, రోడ్డు వంతెనలు, ఒడ్డున చేపల చెరువులు, రొయ్యల చెరువులు, లోపల పూడిక, గుర్రపుడెక్క.

ఉప్పుటేరు చివర సముద్రం ఉందని అన్నాను కదా, సముద్రానికి పోటూ పాటూ ఉన్నాయి. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు పెద్దది. 2024 సెప్టెంబరు 2 పోలాల అమావాస్య! బుడమేటి నీరు కొల్లేటి వైపు నడుస్తున్న ఆ రోజుల్లోనే ఉప్పుటేటి ముఖద్వారం దగ్గర పెద్ద పోటు రోజులు నడుస్తున్నాయి. అది నీటిని ఎన్ని గంటలు ఆపింది? అసలు లెక్కలోకి వచ్చేంత ఆపిందా, లేక పూడిక, చెరువు గట్లు చేసిన దాని ముందు చంద్రుడి వాటా ఏ పాటిదీ కాదా? నేను ఏ జవాబూ చెప్పడం లేదు. ఇది ఒక ఫిజిక్స్ విద్యార్థి, ఒక సివిల్ విద్యార్థి కలిసి కూర్చుంటే ఒక సెమిస్టరులో తేలే లెక్క అంటున్నాను. పంచాంగం, ఓడరేవుల పోటు పట్టికలు, జలవనరుల శాఖ గేజి రీడింగులు, మూడూ ఉన్నాయి. మూడింటినీ ఒక బల్ల మీద పరిచే క్లాసు లేదు.

కొల్లేరు దగ్గర ఇంకాస్త ఆగాలి, ఎందుకంటే చిక్కుముళ్లన్నీ అక్కడే ఉన్నాయి. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో పడి ఉన్న ఆ సరస్సు రెండు డెల్టాల ఎక్కువతక్కువలనూ తన కడుపులో పెట్టుకునేది. 1970ల్లో లంక గ్రామాల పేదలకు బతుకుదెరువు చూపించాలని ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులు తవ్వించింది. ఆ ఉద్దేశాన్ని తప్పుపట్టే మనసు నాకు లేదు. తర్వాత డబ్బున్నవాళ్లు లీజుల పేరుతో దిగారు, గట్లు లేచాయి. 1999లో అయిదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రాంసర్ చిత్తడినేలల జాబితాలో చేరింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో చెరువు గట్లు పగలగొట్టారు. పగిలిన గట్లు కొన్ని మళ్లీ లేచాయి. ఈ నాలుగు వాక్యాలూ ప్రతి విద్యార్థి నోట్సులో ఉంటాయి. గట్లు ఎందుకు మళ్లీ లేస్తాయో ఎవరి నోట్సులోనూ ఉండదు.

ఎందుకంటే ఆ జవాబు కొల్లేట్లో లేదు. కొంత హౌరా చేపల బజారులో ఉంది. ఇక్కడి బొచ్చె, శీలావతి ఐసు మీద పరుచుకుని లారీల్లో బెంగాల్‌కూ అస్సాంకూ పోతాయి. అక్కడి ధర ఇక్కడి ఎకరం లీజును నిర్ణయిస్తుంది. ఆ లీజు వరి చేసే రైతుకు వచ్చే మిగులు కంటే ఎన్నింతలు ఉంటే, గట్టు వేయాలన్న ఆశ అన్నింతలు ఉంటుంది. ఇంకొంత రైసుమిల్లులో ఉంది. నూనె తీసిన తవుడే ఈ చేపలకు ప్రధానమైన మేత. చెరువులు పెరిగితే పాడి రైతుకు తవుడు ధర ఏమవుతుంది? కామర్స్ పిల్లలకు ఇంతకంటే మంచి ప్రాజెక్టు ఏముంటుంది చెప్పండి. వేసవిలో చెరువుల్లోకి నీళ్లు తోడుకుని సరస్సులో మట్టం పడిపోతే, ఉప్పుటేరు గుండా ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. ఆ ఉప్పు చేలకూ తాగునీటికీ చేరుతుంది. అటపాకలో గూడబాతుల్ని చూసి ఫొటోలు తీసుకుని వచ్చే జువాలజీ విహారయాత్ర బస్సు, రైసుమిల్లు ముందునుంచే వెళ్తుంది, ఆగదు.

ఇప్పుడు యజమానుల సంగతి. ఏరు జలవనరుల శాఖది, అందులోనూ కాలువల వాళ్లు వేరు, డ్రెయిన్ల వాళ్లు వేరు. ఊళ్లో ఆక్రమణ కార్పొరేషన్‌ది, పట్టా రెవెన్యూది. అభయారణ్యం అటవీశాఖది, చేప మత్స్యశాఖది, నీళ్లలోని విషం కాలుష్య నియంత్రణ మండలిది, వంతెన రైల్వేది. 2022లో జిల్లాలు విడదీశాక ఈ నీటి దారి ఎన్టీఆర్, కృష్ణా, ఏలూరు, పశ్చిమ గోదావరి అని నాలుగు కలెక్టరేట్ల కిందికి వచ్చింది. వీళ్లెవరూ పని చేయడం లేదని నేను అనడం లేదు. గండి పూడ్చడానికి రేయింబవళ్లు గట్టు మీదే పడి ఉన్నవాళ్లున్నారు. కానీ వీళ్లందరూ మన కాలేజీల్లోంచి వచ్చినవాళ్లే. మనం విడివిడిగా నేర్పాం, వాళ్లు విడివిడిగా ఫైళ్లు పెట్టుకున్నారు.

ఏలూరు సంగతి మరిచిపోయామా? 2020 డిసెంబరులో ఆరువందల మందికి పైగా ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయారు. రక్తం ఎయిమ్స్ చూసింది, నీళ్లు పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ చూసింది, కూరగాయలూ తిండీ హైదరాబాదులోని పోషకాహార సంస్థ చూసింది, వైరస్ సంగతి సీసీఎంబీ చూసింది. సీసం, నికెల్ కనిపించాయన్నారు, పురుగుమందుల మీద అనుమానం అన్నారు. ఒక్కొక్క సంస్థా తన ముక్క చక్కగా చూసింది, అందులో నాకు సందేహం లేదు. ఆ విషం ఎక్కడినుంచి, ఏ కాలువ గుండా, ఎన్ని రోజులకు, ఎవరి బిందెలోకి చేరింది అన్న దారి మాత్రం జనానికి ఇప్పటికీ స్పష్టంగా తెలియదు. ముక్కలు చూసే నిపుణులకు కరువు లేదు, దారి చూసేవాళ్లకే కరువు.

దారి చూసే చదువుకు ఒక పేరు పెట్టినాయన ఒకడున్నాడు. మన దగ్గర ఎర్రజెండా పుస్తకాలు చదివిన తరానికి ఆయన పేరు తెలుసు, తిట్టు రూపంలో. లెనిన్ 1909లో అచ్చువేసిన 'భౌతికవాదం - అనుభవవాద విమర్శ' పుస్తకంలో చీల్చి చెండాడింది ప్రధానంగా ఈయన్నే: అలెగ్జాండర్ బొగ్దానవ్. వృత్తిరీత్యా డాక్టరు. 1908లో కాప్రి దీవిలో గోర్కీ ఇంట లెనిన్‌తో చదరంగం ఆడుతున్న ఫొటోలో ఉన్నదీ ఈయనే. పార్టీ ముఠాలోంచి గెంటివేశాక, 1913 నుంచి 1922 వరకు విడతలవారీగా 'టెక్టాలజీ' అని ఒక పెద్ద గ్రంథం రాశాడు. కణాలు, యంత్రాలు, పంటలు, మనుషుల సంఘాలు, వీటన్నిటిలో భాగాలు ఒకదానితో ఒకటి ఎలా కూడుకుంటాయి, ఎక్కడ విడిపోతాయి అన్నదే దాని విషయం. ఆ మాట ఇవాళ నిఘంటువులు తిరగేసేవాళ్లకు తప్ప ఎవరికీ పట్టదు. తర్వాత వచ్చిన సిస్టమ్స్ సిద్ధాంతాలు చాలావరకు ఆయన నడిచిన దారినే నడిచాయి, ఆయన పేరు చెప్పకుండా.

ఆయన చెప్పిన వాటిలో ఒకటి మన పనికి నేరుగా వస్తుంది. ఒక వ్యవస్థ ఎంత గట్టిదో చెప్పడానికి సగటు తీయకూడదంటాడు. ఆ క్షణాన, ఆ ఒత్తిడికి, అందులో అతి బలహీనమైన చోటు ఎంత తట్టుకుంటుందో అదే మొత్తం వ్యవస్థ బలం. బుడమేరు చానల్ గట్టు మైళ్ల పొడవునా గట్టిగానే ఉంది. మూడు చోట్ల తెగింది, అంతే. 'గట్టు తొంభై శాతం బాగుంది' అన్న నివేదిక రాసిన పిల్లవాడికి మన పరీక్షలో తొంభై మార్కులు వస్తాయి.

ఆయన చావు కూడా చెప్పాలి. 1926లో మాస్కోలో రక్తమార్పిడి సంస్థ పెట్టాడు. మనుషులు రక్తం పంచుకుంటే ఒకరి సత్తువ ఒకరికి చేరుతుందని నమ్మి, తన మీదే ప్రయోగాలు చేసుకునేవాడు. 1928లో క్షయ, మలేరియా ఉన్న ఒక విద్యార్థితో రక్తం మార్చుకున్నాడు. విద్యార్థి కోలుకున్నాడు, ఈయన పోయాడు. అన్నిటినీ కలపాలన్న తపన ఉన్నవాడికి, ఏది కలిస్తే ఏమవుతుందో కొలిచే పనిముట్లు ఆనాడు చాలలేదు. నాకు ఆయన మీద గౌరవం ఉంది గానీ భక్తి లేదు. విశ్వమంతటికీ ఒకే శాస్త్రం రాయబోయి చాలాచోట్ల మరీ గాలిలో మాట్లాడాడు. అందుకే నేను టెక్టాలజీ డిపార్ట్‌మెంటు పెట్టమని మిమ్మల్ని అడగడం లేదు. ఇంకో డిపార్ట్‌మెంటు పెడితే ఇంకో గోడ లేస్తుంది, దానికో హెడ్డు, ఆ హెడ్డుకో గది.

'అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి' అన్న ముక్క మన పిల్లలకు కొత్తగా నేర్పక్కర్లేదు కూడా. ఉపన్యాసాల్లో, వాట్సాప్‌లో, పీఠాధిపతుల ప్రవచనాల్లో రోజూ వింటూనే ఉన్నారు. అలా అనేసి ఊరుకుంటే అది వేదాంతం. చదువు దాని తర్వాత మొదలవుతుంది: ఏది దేనితో, ఏ వైపుగా, ఎంత, ఎన్నాళ్లకు? మైలవరంలో పడ్డ వాన వెలగలేరుకు ఎన్ని గంటల్లో వస్తుంది? కృష్ణ మట్టం ఎంత దాటితే చానల్ మొండికేస్తుంది? ఏ ముడి గట్టిది, ఏది లెక్కలోకి రానిది? ముడి లేదని తేల్చడం కూడా చదువే. వరద వచ్చినప్పుడల్లా అన్నిటికీ ఆక్రమణలే కారణం అనేవాళ్లూ, ఆక్రమణలకు సంబంధమే లేదు అనేవాళ్లూ, ఇద్దరూ కొలవనివాళ్లే.

మీ చేతిలో ఉన్న పని చాలా చిన్నది. కొత్త చట్టం అక్కర్లేదు. సుప్రీంకోర్టు ఎం.సి. మెహతా కేసులో 1991లో ఇచ్చిన తీర్పు పుణ్యమా అని, పర్యావరణ అధ్యయనం డిగ్రీలో అందరికీ తప్పనిసరి అయింది. ఆ తర్వాత పుష్కరానికి యూజీసీ తయారుచేసిన మాదిరి సిలబస్‌లో 50 తరగతులు ఉండేవి. అందులో బయటికి వెళ్లి చూడటానికి కేటాయించింది 5. ఆ అయిదు గంటలు కూడా ఎలా గడుస్తాయో కాలేజీల్లో పని చేసిన అందరికీ తెలుసు. సీనియర్ల రికార్డు జూనియర్ల చేతికి వస్తుంది, అట్ట మారుతుంది, బొమ్మలు మారవు. అలాగే మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కూడా ఉంది. ఊళ్లో పది ఇళ్లకు వెళ్లి మరుగుదొడ్డి ఉందా, రేషన్ కార్డు ఉందా అని రాసుకుని వచ్చే పనిగా అది చాలాచోట్ల మిగిలిపోయింది. ఈ రెండింటినీ కలిపేసి, ఆ గంటలన్నీ ఒక నీటి దారికి ఇవ్వండి.

విజయవాడ, గుడివాడ, కైకలూరు, ఏలూరు, భీమవరం కాలేజీలకు బుడమేరు, కొల్లేరు, ఉప్పుటేరు. మిగతా జిల్లాలకు వాళ్ల వాళ్ల నీళ్లు వాళ్లకున్నాయి. అనంతపురం వాళ్లకు చిత్రావతి, శ్రీకాకుళం వాళ్లకు నాగావళి, వంశధార. ఒక్కటే షరతు: ఒక జట్టులో ఇద్దరు ఒకే సబ్జెక్టు వాళ్లు ఉండకూడదు. లెక్కలు తెలిసిన అమ్మాయి గేజి రీడింగులు చూస్తుంటే, తెలుగు బి.ఏ. చదివే అబ్బాయి లంక గ్రామాల్లో ముసలివాళ్లను కూర్చోబెట్టి 1964 వరద ఎక్కడిదాకా వచ్చిందో అడిగి రాసుకోవాలి. గోడ మీద వాళ్లు చూపించే గుర్తు, ఆఫీసు రికార్డులో అంకె, రెండూ సరిపోకపోతే ఎవరిది తప్పో తేల్చడమే వాళ్ల పరీక్ష. ఆ వరదల తర్వాతే డెల్టా మురుగునీటి సంగతి చూడటానికి మిత్రా కమిటీ వేశారు. దాని సిఫార్సుల్లో ఎన్ని అమలయ్యాయో వెతికే పని రాజనీతిశాస్త్రం వాళ్లకు వదిలేయండి. ఫైళ్లు దొరక్కపోతే ఎందుకు దొరకలేదో రాసినా మార్కులివ్వాలి.

అడ్డంకులు నాకు తెలియనివి కావు. మార్కులు ఎవరు వేయాలి అన్నది మొదటి తగువు. జువాలజీ లెక్చరరు ఎకనామిక్స్ పేజీకి మార్కులెలా వేస్తాడంటారు. ఇద్దరూ కలిసి కూర్చుని వేస్తారు. కలిసి కూర్చోవడం పిల్లలకంటే ముందు మాకే అలవాటు కావాలి, స్టాఫ్ రూములో టీ తాగేటప్పుడు తప్ప మాకు ఆ అలవాటు లేదు. ఏటి గట్టు మీదికి పిల్లల్ని పంపితే ఏదైనా జరిగితే ఎవరిది బాధ్యత అన్నది రెండోది, అది నిజమైన భయమే. వరద రోజుల్లో కాదు, మామూలు రోజుల్లో, లష్కర్లు వెంట ఉండగా వెళ్లాలి. గేటు ఎప్పుడు ఎంత ఎత్తాలో చేత్తో తెలిసిన ఆ లష్కర్లను ఒక గంట క్లాసు చెప్పమని పిలిస్తే, వాళ్లకు గెస్ట్ లెక్చరరు భత్యం ఇవ్వడానికి రూల్సు ఒప్పుకుంటాయా అన్నది మూడోది. ఒప్పుకోకపోతే రూలు మార్చమని అడగాల్సింది మీ మండలే.

జలవనరుల శాఖ నుంచి గేజి రీడింగులు అడిగితే పిల్లలకు ఇస్తారా అన్నదే అసలు చిక్కు. వెలగలేరు రెగ్యులేటరు, ప్రకాశం బ్యారేజీ, కొల్లేరు మట్టం, ఉప్పుటేరు, ఈ నాలుగు చోట్లా గంటగంటకూ తీసే అంకెలు కాలేజీల కంప్యూటర్లలోకి నేరుగా వచ్చేలా ఆ శాఖతో ఒక ఒప్పందం రాసుకోండి. ఇవేమీ రహస్యాలు కావు, వరద వచ్చినప్పుడు టీవీల్లో చదివేవే. ఎండ కాస్తున్న రోజుల అంకెలు కూడా కావాలంటున్నాను, అంతే.

నైరుతి రుతుపవనాలు జూన్‌లో వస్తాయి. మీ ఉత్తర్వు ఏప్రిల్‌లో వస్తే కాలేజీలు జట్లు కట్టుకోవడానికి మే నెల సరిపోతుంది. ఏ కాలేజీ ఏ గేజి చూడాలో జాబితా ఆ ఉత్తర్వుకే జతపరచండి. లేకపోతే అన్ని కాలేజీలూ అటపాక గూడబాతుల దగ్గరికే వెళ్తాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత డిగ్రీ కాలేజీ అధ్యాపకుడు